రక్తపింజర: తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడితే చాలు, నా ఫోనుకు పాముల ఫొటోలు రావడం మొదలవుతుంది. చాలావరకు మసకగా ఉంటాయి. తీసినవాళ్ల చెయ్యి వణికిందని చూడగానే తెలుస్తుంది. కింద ప్రశ్న మాత్రం ఒకటే: "అన్నా, ఇది కొండచిలువ పిల్లేగా?" కొన్నిసార్లు అవును. కొన్నిసార్లు కాదు, విషమున్న రక్తపింజర, అదే భయం. అడిగినవే మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెట్టాను. ఎక్కడినుంచైనా చదువుకోవచ్చు. పాము కరిచిన మనిషి పక్కనే ఉండగా ఇది తెరిచారా? చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి.

## పేరు, గుర్తు

రక్తపింజర, పింజరి, రక్తపెంజర, పొడపాము... ఇవన్నీ ఒకటేనా?

చాలా చోట్ల ఒకటే, ఊరిని బట్టి పలుకు మారుతుంది. అయితే ఒక చిక్కుంది. పొలుసులు రంపంలా గరుగ్గా ఉండే చిన్న పింజర వేరే జాతి పాము, దాన్నీ కొందరు ఉత్త "పింజర" అనేస్తారు. మనం మాట్లాడుకునేది పెద్దదాని గురించి. తమిళులు దీన్ని కన్నాడి విరియన్ అంటారు, కన్నడిగులు కొళకుమండల, మరాఠీలు ఘోణస్. శాస్త్రీయ నామం డబోయా రసెలీ. డబోయా హిందీ నుంచి వచ్చిన మాట, పొంచి ఉండేది అని అర్థం. దీని బతుకంతా ఆ ఒక్క మాటలో ఉంది.

రసెల్ అంటే ఎవరు? విశాఖపట్నంతో ఏదో సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే. ప్యాట్రిక్ రసెల్ స్కాట్లండ్ వైద్యుడు. సిరియాలోని అలెప్పోలో చాలా ఏళ్లు పనిచేసి, 1781లో సోదరుడు క్లాడ్‌తో కలిసి భారతదేశానికి వచ్చి విశాఖపట్నంలో ఉన్నాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ అతన్ని ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. కోరమండల్ తీరంలో దొరికిన పాములను పోగుచేసి, కోళ్ల మీదా కుక్కల మీదా వాటి విషాన్ని పరీక్షించి, 1796లో బొమ్మలతో పుస్తకం వేశాడు. అందులో చాలా పాములకు ఇక్కడి జనం నోట విన్న తెలుగు పేర్లే ఉన్నాయి. మన పాము పేరు అందులో "కాటుక రేకుల పొడ". పొడ అంటే మచ్చ. కాటుకతో అంచు దిద్దినట్టుండే ఆ మచ్చలను చూస్తే ఇంతకంటే సరైన పేరు తోచదు. మరుసటి ఏడాది, 1797లో, షా, నాడర్ అనే ఇద్దరు దీనికి రసెల్ పేరుమీద శాస్త్రీయ నామం పెట్టారు. కాటుక రేకులు పోయి రసెల్ మిగిలాడు. ఆ పుస్తకం వల్ల తెలుగుకు దక్కింది ఒకటుంది: కట్లపాముల ప్రజాతి పేరు "బంగారస్" మన బంగారు అనే మాట నుంచే వచ్చింది.

కొండచిలువ పిల్లకూ దీనికీ తేడా ఎలా కనిపెట్టాలి?

వీపు మీద మచ్చలు చూడండి. రక్తపింజరకు తల నుంచి తోక దాకా మూడు వరుసలుంటాయి: నడి వీపున ఒకటి, చెరో పక్కన ఒకటి. ఒక్కో మచ్చ గుండ్రంగానో కోలగానో ఉంటుంది. మధ్యలో ముదురు గోధుమరంగు, చుట్టూ నల్లటి అంచు, చాలాసార్లు ఆ అంచు బయట సన్నటి తెల్ల గీత. మచ్చలు దగ్గరదగ్గరగా ఉంటే గొలుసులా కనిపిస్తుంది. కొండచిలువ మచ్చలకు ఇలాంటి లెక్క ఉండదు. దేశపటంలో జిల్లాల్లాగా, ఒక్కొక్కటీ ఒక్కో ఆకారం.

తర్వాత ఒంటి మెరుపు. కొండచిలువ పొలుసులు నున్నగా మెరుస్తాయి. రక్తపింజర పొలుసుల మధ్యలో చిన్న గట్టులాంటి గీత ఉంటుంది, అందుకే ఒళ్లు గరుగ్గా, ఎండుటాకులా కనిపిస్తుంది. తల ముక్కోణంగా, మెడ నుంచి విడిగా తెలుస్తుంది. ముక్కు రంధ్రాలు పెద్దవి.

నెత్తిమీద బాణం గుర్తు ఉంటే రక్తపింజరేనని కొందరు చెబుతుంటారు. ఆ మాట నమ్మకండి, కొండచిలువ నెత్తిమీదా ఈటె మొనలాంటి గుర్తు ఉంటుంది. కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకుని కాటు తిన్నవాళ్లు ఉన్నారు. అనుమానం వస్తే రక్తపింజరే అనుకోండి. మీరు పొరబడినా కొండచిలువకు వచ్చే నష్టమేమీ లేదు.

ఎంత పొడవు పెరుగుతుంది?

మామూలుగా నాలుగడుగుల దగ్గర ఆగుతుంది. 166 సెంటీమీటర్ల దాకా పెరిగినవీ ఉన్నాయి. పొడవు కంటే లావు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కోరలు 16 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. నోరు మూసుకుంటే పైకి మడతపడతాయి, తెరిస్తే ముందుకు లేస్తాయి.

## దాని బతుకు

అడవిలో ఉండాల్సిన పాము మా పొలాల్లోకి ఎందుకొస్తోంది?

ఇది దట్టమైన అడవి పాము కాదు. గడ్డి, తుప్పలు, మెట్ట, పొలంగట్టు, ఇవే దాని అసలు చోటు. చిత్తడి వానలుండే అడవుల్లో పెద్దగా కనిపించదు. మనం వరి, చెరకు, వేరుశెనగ వేసిన చోట ఎలుకలు చేరాయి, ఎలుకలున్న చోట ఇది చేరింది. అడవి నరికేశాం కాబట్టి ఊళ్లోకి వచ్చిందన్న మాట వేరే జంతువులకు సరిపోతుందేమో కానీ, రక్తపింజర మొదటి నుంచీ మన పక్కింటిదే. భారత్‌తో పాటు పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకల్లో ఉంది. మయన్మార్, థాయ్‌లాండ్ వైపు ఉండేదాన్ని ఇప్పుడు వేరే జాతిగా లెక్కిస్తున్నారు.

ఏం తింటుంది?

పెద్దది ముఖ్యంగా ఎలుకలు. పిల్లలు బల్లులు, తొండల వంటివి. వేట ఎలాగంటే, ఎలుకలు తిరిగే దారి పక్కన చుట్ట చుట్టుకుని కదలకుండా పడి ఉంటుంది. గంటలు గడిచినా సరే. ఎలుక దగ్గరికి రాగానే ఒక్క కాటు వేసి వదిలేస్తుంది, అది కొంత దూరం పరుగెత్తి పడిపోతుంది. తర్వాత వాసన పట్టుకుంటూ తీరిగ్గా వెళ్లి మింగుతుంది. మనిషి దాన్ని తొక్కేది ఇదిగో ఈ కాపలా కాసే వేళలోనే.

పిల్లలు తల్లి పొట్ట చీల్చుకుని పుడతాయట, తల్లి చచ్చిపోతుందట. నిజమా?

కాదు. రక్తపింజర గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్ని కంటుంది. మిగతా చాలా పాములు గుడ్లు పెట్టడం చూసినవాళ్లకు ఇది వింతగా తోచి ఆ కథ పుట్టి ఉంటుంది. తల్లి ఆరు నెలలకు పైగా కడుపులో మోసి, సాధారణంగా 20 నుంచి 40 పిల్లల్ని కంటుంది. ఒక్కోసారి 60 దాటిన సందర్భాలూ ఉన్నాయి. కన్నాక తల్లి తన దారిన తాను పోతుంది. ఎక్కువ ఈనికలు వానాకాలం మొదట్లో, అంటే మనం నారు పోసి నాట్లు వేసే రోజుల్లో జరుగుతాయి. పిల్ల జానెడు పొడవుంటుంది. పుట్టిన క్షణం నుంచీ విషం ఉంటుంది, కాబట్టి "చిన్నదేలే" అనుకోవద్దు.

పగలు కూడా తిరుగుతుందా?

ఎక్కువగా రాత్రి. చలికాలంలో పగలు ఎండ కాగుతూ బయట కనిపిస్తుంది.

వెంటపడి కరుస్తుందా? దెబ్బ తగిలిన రక్తపింజర పగబడుతుందంటారు?

వెంటపడదు. బరువైన ఒళ్లు, నెమ్మది నడక. మనిషిని తరిమి దానికి ఒరిగేదేమీ లేదు, మింగడానికి మనం ఎలుకలమూ కాదు. పగబట్టాలంటే మన ముఖం గుర్తుంచుకోవాలి, ఇల్లు వెతకాలి. పాముకు అంత తీరికా, అంత బుర్రా లేవు.

మరి ఇంత ప్రమాదం ఎందుకంటే, అది పారిపోదు. నాగుపాము అలికిడికి చాలాసార్లు జరుక్కుంటుంది. రక్తపింజర ఒంటి రంగును నమ్ముకుని అక్కడే ఉండిపోతుంది. కాలు మీద పడ్డాకో, చెయ్యి దగ్గరికి వచ్చాకో కొడుతుంది. నడక ఎంత నెమ్మదో కాటు అంత మెరుపు. కొట్టేటప్పుడు ఒళ్లు సగం నేల నుంచి లేచిపోతుంది.

కుక్కర్ విజిల్ లాంటి శబ్దం వచ్చింది. అదేనా?

కావచ్చు. ఒళ్లంతా గాలి నింపుకుని చేసే ఆ బుస మన పాముల్లో చాలా పెద్దది, ఆగకుండా వస్తుంది. గడ్డిలో అది వినిపిస్తే ఉన్నచోటే ఆగి, ఎటునుంచి వస్తోందో చూసుకుని, మెల్లగా వెనక్కి అడుగు వేయండి. బుస కొట్టిందంటే మీకో అవకాశం ఇచ్చినట్టు. కొన్నిసార్లు అదీ ఇవ్వదు.

కనిపించినదాన్ని కనిపించినట్టు చంపేస్తే పీడ పోతుందిగా?

పోదు. ఎలుకలు ఉన్నంతకాలం ఆ చోటికి ఇంకో పాము వస్తుంది. పైగా కర్రతో కొట్టేందుకు దగ్గరికి వెళ్లి కాటు తిన్నవాళ్లు కొందరున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీన్ని చంపడం నేరం కూడా.

## పొలంలో, ఇంట్లో

కోతలప్పుడు, కలుపు తీసేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఎక్కువ కాట్లు మోకాలి కింద, తర్వాత చేతుల మీద పడతాయి. కాబట్టి మోకాలి దాకా వచ్చే గమ్‌బూట్లు చాలా పనికొస్తాయి. "బురదలో బూట్లేంటి, నడవలేం" అంటారు. నాట్లప్పుడు నిజంగానే కష్టం, నేను వాదించను. కానీ కోతకు, గట్ల మీద గడ్డి కోయడానికి, రాత్రి నీళ్లు కట్టడానికి వేసుకోవచ్చు కదా.

గడ్డివాము, పనల కుప్ప, పిడకల గూడు, ఎండు కంప: వీటిలో చెయ్యి పెట్టేముందు పొడవాటి కర్రతో ఒకసారి కదిలించండి. కోసిన పనలను పొద్దున్నే ఎత్తేటప్పుడు చేతులతో వాటేసుకుని లేపకండి. రాత్రి మోటారు వెయ్యడానికి వెళ్లేవాళ్లు టార్చి వెలుగు అడుగు ముందు పడేలా పట్టుకోవాలి. ఫోను లైటుతో సరిపెట్టుకోకండి. చీకట్లో గట్టు మీద చెప్పులతో నడవడమే దీని విషయంలో మనం చేసే పెద్ద పొరపాటని నా అభిప్రాయం.

పెరట్లోకి వచ్చింది. ఏం చేయమంటారు?

పిల్లల్ని, కుక్కను లోపలికి పంపి, దూరం నుంచి ఒకరు దాని మీద కన్నేసి ఉంచండి. అటవీ శాఖకో, మీ దగ్గర్లో పాములు పట్టేవాళ్లకో కబురు పెట్టండి. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నారు. యూట్యూబ్ చూసి బకెట్ బోర్లించే ప్రయోగం వద్దు.

ఫినాయిల్, వెల్లుల్లి రసం, సున్నం చల్లితే రాదా?

నమ్ముకోకండి. ధాన్యం మూతపెట్టుకోవడం, ఇంటి చుట్టూ కంప, ఇటుకల గుట్టలు లేకుండా చూసుకోవడం, గోడ కన్నాలు పూడ్చడం పనిచేస్తాయి. ఎలుక రాకపోతే పాముకు పనిలేదు.

## కాటు పడితే

కరిచిన వెంటనే ఏం చేయాలి?

ముందు పాముకు దూరంగా జరగండి. కరిచిన టైము చూసుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు, వాచీ తీసేయండి. వాపు వచ్చాక అవి ఊడవు, వేలు కోసేస్తాయి. చెయ్యి అయినా కాలు అయినా విరిగిన ఎముకకు కట్టినట్టు బద్ద పెట్టి కదలకుండా వదులుగా కట్టండి. మనిషిని నడిపించకండి. 108 ఆలస్యమయ్యేలా ఉంటే కారో ఆటోయో చూడండి. బైకే దిక్కయితే మధ్యలో కూర్చోబెట్టి వెనక ఒకరు గట్టిగా పట్టుకోవాలి.

కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, కాల్చడం, ఏదో ఆకు నూరి రాయడం, ఇవేవీ వద్దు. నొప్పికి ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటి మాత్రలు అసలే వద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది. విషం విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లండి. దారిలోనే ఫోన్ చేసి మందు ఉందో లేదో కనుక్కుంటే అక్కడినుంచి ఇంకోచోటికి పరుగెత్తే పని తప్పుతుంది.

పైన గట్టిగా తాడు కడితే విషం ఎక్కదు కదా?

రక్తపింజర విషం కాటు చుట్టూ ఉన్న కండను కూడా తినేస్తుంది. తాడు కడితే ఆ విషం అక్కడే పోగుపడి, రక్తం ఆడక, కాలు తీసేసే దాకా రావచ్చు. ఇంతకుముందే ఎవరైనా కట్టేసి ఉంటే దారిలో మీరు చటుక్కున విప్పకండి, ఆసుపత్రిలో డాక్టరు ముందు విప్పించండి.

వేపాకు నమిలిస్తే చేదు తెలిసింది. అంటే విషం ఎక్కనట్టేగా?

వేపాకుకు, మిరపకాయకు విషంతో సంబంధం లేదు. రక్తపింజర కాటు పడినవాళ్లకు నాలుక బాగానే పనిచేస్తుంది, మాట బాగుంటుంది, తెలివి ఉంటుంది. లోపల రక్తం మాత్రం గడ్డకట్టే గుణాన్ని పోగొట్టుకుంటూ ఉంటుంది. ఈ పరీక్షలో "పాసయ్యాడు" అని ఇంట్లో పడుకోబెట్టడం చాలా ప్రమాదం.

మా మామయ్యకు పసరు మందుతోనే తగ్గింది. దానికేమంటారు?

రెండు కారణాలు ఉండొచ్చు. కరిచింది విషం లేని పాము కావచ్చు, మన చుట్టూ ఉన్నవాటిలో అవే ఎక్కువ. లేదా విషప్పామే కరిచినా విషం వదలని కాటు కావచ్చు, అలాంటివీ జరుగుతాయి. ఆ రెండు సందర్భాల్లో మంచినీళ్లు తాగించినా తగ్గుతుంది. మామయ్య కథ చెప్పడానికి మామయ్య ఉన్నాడు. పసరు తాగి దక్కనివాళ్ల కథ అంతగా ప్రచారంలోకి రాదు.

పామును చంపి ఆసుపత్రికి తీసుకెళ్లాలా?

అక్కర్లేదు. మన దగ్గర ఇచ్చే మందు నాలుగు ముఖ్యమైన విషప్పాములకూ కలిపి చేసినదే. దూరం నుంచి ఫొటో దొరికితే మంచిదే, దానికోసం వెతకొద్దు. తెగిన తల కూడా కొంతసేపటిదాకా కరవగలదు.

రోమరోమానా రక్తం కారుతుందంటారు. అసలు ఈ విషం ఏం చేస్తుంది?

రోమాల్లోంచి కారడం అతిశయోక్తే కానీ, దాని వెనక నిజం ఉంది. మన రక్తంలో గడ్డకట్టించే పదార్థాలు వరుసగా ఒకదాన్నొకటి మేల్కొలుపుతాయి. ఈ విషం ఆ వరుసలో 5, 10 నంబర్ల పదార్థాలను ఒక్కసారిగా రెచ్చగొడుతుంది. ఒంట్లో ఉన్న సరుకంతా అనవసరంగా ఖర్చయిపోతుంది. ఇక నిజంగా అవసరమైనప్పుడు గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. చిగుళ్ల నుంచి, కాటు గాటు నుంచి, మూత్రంలో, కొన్నిసార్లు మెదడులో రక్తస్రావం అవుతుంది. కాటు చోట విపరీతమైన నొప్పి, వాపు, బొబ్బలు. బీపీ పడిపోవచ్చు. కిడ్నీలు దెబ్బతినొచ్చు. దక్షిణ భారతంలో, శ్రీలంకలో కొందరికి కనురెప్పలు వాలిపోవడం కూడా కనిపిస్తుంది.

మన దేశంలో ఎంతమంది చనిపోతున్నారు?

2000 నుంచి 2019 వరకు దాదాపు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58,000. సుమారు సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏ పాము కరిచిందో తెలిసిన కేసులను అదే అధ్యయనంలో విడిగా చూస్తే, రక్తపింజర వాటా 43 శాతం, అన్నిటికంటే ఎక్కువ. 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది.

## ఆసుపత్రిలో, ఆ తర్వాత

రక్తం తీసి గాజు గొట్టంలో పోసి ఊరికే 20 నిమిషాలు కూర్చున్నారు. అదేం వైద్యం?

అదే అసలైన పరీక్ష. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే విషం రక్తంలోకి చేరినట్టు. కరెంటు, మిషను అక్కర్లేదు, పీహెచ్‌సీలోనూ చేయొచ్చు. మొదటిసారి గడ్డకట్టినా ఇంటికి వెళ్లిపోకండి. మళ్లీ మళ్లీ చూడాలి, కనీసం 24 గంటలు ఉండాలి.

ఈ విషం విరుగుడు మందును ఎలా తయారుచేస్తారు?

కొద్దికొద్దిగా విషాన్ని గుర్రాలకు ఎక్కిస్తే వాటి ఒంట్లో విరుగుడు పుడుతుంది. ఆ రక్తం నుంచి దాన్ని వేరుచేసి శుద్ధి చేస్తారు. అందుకు కావలసిన విషంలో పెద్ద భాగం తమిళనాడులోని ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తోంది. 1978లో మొదలైన ఆ సంఘంలోని వడివేల్ గోపాల్, మాసి సడైయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఒక లోటు మాత్రం ఉంది. ఒకే జాతి అయినా చోటును బట్టి విషం గుణం మారుతుందని పరిశోధనల్లో తేలింది. ఒకచోటి పాముల విషంతో చేసిన మందు దేశమంతటా ఒకేలా పనిచేయకపోవచ్చు.

మా బాబుకు ఆరేళ్లు. పెద్దవాళ్ల డోసే ఇచ్చారు, పొరపాటు కాదా?

కాదు. మందు ఇచ్చేది లోపలికి వెళ్లిన విషానికి, ఒంటి బరువుకు కాదు. పాము పిల్లవాడికని తక్కువ వదలదు కదా. మన దేశంలో సాధారణంగా 8 నుంచి 10 వయల్స్‌తో మొదలుపెడతారు. గర్భిణులకూ ఇస్తారు. గుర్రం నుంచి వచ్చిన మందు కాబట్టి దద్దుర్లు, చలి, ఆయాసం రావచ్చు. అందుకే వాటిని అదుపుచేసే అడ్రినలిన్ ఇంజెక్షన్ సిద్ధంగా పెట్టుకుని, పక్కనే ఉండి ఎక్కిస్తారు. ఆ టెన్షన్‌తో మందే వద్దనడం మాత్రం సరికాదు.

రక్తం గడ్డకడుతోంది అన్నారు, మరి డయాలసిస్ ఎందుకు?

విరుగుడు మందు తిరుగుతున్న విషాన్ని ఆపుతుంది. అప్పటికే దెబ్బతిన్న కిడ్నీని బాగుచేయలేదు. మూత్రం తగ్గడం, కోలా రంగులో రావడం మొదటి గుర్తులు. అందుకే నర్సు పదేపదే మూత్రం కొలుస్తుంది, విసుక్కోకండి. చాలామందికి కొన్నాళ్ల డయాలసిస్‌తో కిడ్నీలు కోలుకుంటాయి. ఎంత త్వరగా మందు పడితే ఈ అవసరం అంత తగ్గుతుంది.

ఇంటికొచ్చి నెలలైంది. నీరసం, జుట్టు రాలడం, నెలసరి ఆగిపోవడం. పాముకాటుకు సంబంధం ఉంటుందా?

ఉండొచ్చు. రక్తపింజర కాటు తర్వాత కొందరికి మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటుంది. ఇది నెలలు, ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడుతుంది. చూసే డాక్టరుకు పాత కాటు సంగతి తప్పకుండా చెప్పండి, హార్మోన్ పరీక్షలతో తేలుతుంది, మందులున్నాయి.

ఇంత విషం, ఎవరికైనా పనికొచ్చిందా?

వచ్చింది. 1934లో లండన్‌లో మాక్‌ఫార్లేన్, బార్నెట్ అనే ఇద్దరు, రక్తం ఆగని హీమోఫీలియా రోగుల గాయాల మీద పలుచన చేసిన ఈ విషాన్ని పెట్టి రక్తం ఆపి చూపించారు. ఒంట్లోకి పోతే రక్తాన్ని గడ్డకట్టనివ్వని విషమే, గాయం మీద చుక్క వేస్తే గడ్డకట్టించింది. ఇవాళ్టికీ రక్త పరీక్షా కేంద్రాల్లో వాడుతున్నారు. పదేపదే గర్భస్రావం అయ్యేవాళ్లకు, కారణం లేకుండా రక్తం గడ్డలు కట్టేవాళ్లకు రాసే పరీక్షల్లో డీఆర్‌వీవీటీ అని ఒకటి ఉంటుంది. అందులో ఆర్ అంటే రసెల్, వీల్లో మొదటిది వైపర్, రెండోది వెనమ్.